మూడు రోజుల నాలుగు గంటల మౌనం

గురువారం ఉదయం ఐలా కెరానెన్ చేయవలసిన పనులు నాలుగు. నానిన బఠాణీలను సూపుకు పొయ్యి మీద పెట్టడం. రగ్గులు ఉతకడానికి ఏటి రేవుకు తీసుకెళ్ళడం. పై ఇంటి ఎల్వి మోకాలికి కట్టు మార్చడం. పన్నెండు లోపల శనివారం ఆరు గంటల సౌనా అడగడం.

నాలుగోదే అసలు పని. ఔలు ఊళ్ళోని ఆ మూడంతస్తుల భవనానికంతా ఒకటే సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, వారానికి ఇంటికో గంట. పదకొండేళ్ళుగా ఐలా వంతు మంగళవారం మూడింటికి. పట్టపగలు ఆవిరిలో కూర్చుంటే డాక్టరు పిలుపు కోసం కూర్చున్నట్టే ఉంటుందని, నలభై ఏళ్ళు నర్సుగా చేసిన ఆవిడ బాధ. ఇప్పుడు శనివారం ఆరు ఖాళీ అయింది. ముందు అడిగినవారిది. పన్నెండు దాటితే చీట్లు వేస్తారు.

అడిగే చోటు మాత్రం మారింది. సంఘం కార్యదర్శి తౌనో టెలిఫోన్ ఆఫీసు నుంచి రిటైరైనవాడు. ఆఫీసు పారేసిన కంప్యూటర్లు ఎనిమిదింటిని ఇంటింటికీ పంచి, మెట్ల దగ్గరి వంతుల కాగితం చింపేసి, ఆ కంప్యూటర్లలోనే కబుర్ల గది ఒకటి తెరిచాడు. సౌనా వంతులు ఆ గది నెత్తిన ఒక వరుసలో కనిపిస్తాయి. పేరు ముందు '@' అనే పిల్లితోక గుర్తు ఉన్నవారే దాన్ని మార్చగలరు. ఖాళీ గదిలోకి మొదట వచ్చినవారికి ఆ తోక దానంతటదే అంటుకుంటుంది. అందుకే తౌనో తన కంప్యూటర్‌ను ఎన్నడూ ఆపడు.

ఐలా అతను రాసిచ్చిన ఆజ్ఞల కాగితాన్ని మందుల చీటీలా చదివి, ఏటవాలు గీత కొట్టి, 'జాయిన్' కొట్టి గదిలో అడుగుపెట్టింది. ఎనిమిది పేర్లున్నాయి. ఎవరూ మాట్లాడడం లేదు. మెట్ల మీద ఎదురుపడినా మాట్లాడని మనుషులే కనుక ఆవిడకు కొత్తేమీ అనిపించలేదు. శనివారం ఆరు తనకు కావాలని మర్యాదగా రాసింది. అరగంటైనా జవాబు లేదు.

కాగితంలో చివరి ఆజ్ఞ మనిషి వివరాలు చెప్పేది. తౌనో పేరు మీద దాన్ని వాడి చూసింది. మౌనంగా ఉన్న సమయం మూడు రోజుల నాలుగు గంటలని వచ్చింది.

గదిలోంచి బయటికొచ్చి తౌనోకు ఫోన్ చేస్తే లైను ఖాళీ లేదు. మూడు రోజులు పలకని మనిషి ఎవరితో మాట్లాడుతున్నట్టు? పడిపోయి ఉంటాడు, రిసీవర్ చేతిలోంచి జారి ఉంటుంది. ఎల్వికి చేసింది, ఖాళీ లేదు. భవనం చూసుకునే రైమోకు చేసింది, అదీ ఖాళీ లేదు. కంప్యూటర్లు ఫోను తీగ మీదే గదిలోకి వెళ్తాయి కనుక, అందరి తీగలూ ఆ గదిలోనే ఇరుక్కున్నాయి. మళ్ళీ గదిలోకి వెళ్ళి, తౌనోకు ప్రమాదం, అందరూ బయటికొచ్చి ఫోన్లు వదలండి అని రాసింది. ఒక్కొక్క పేరే మాట లేకుండా మాయమైంది. చివరికి ఆవిడా వచ్చేసింది.

రైమో తాళాల గుత్తితో, ఐలా పాత నర్సు సంచితో తౌనో తలుపు దగ్గరికి చేరారు.

"నర్సమ్మా, లోపల బతికే ఉంటే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు రైమో.

"చచ్చి ఉంటే?"

"అప్పుడు పోదనుకుంటా."

లోపల మనిషి లేడు. పక్క సర్ది ఉంది, కప్పు కడిగి ఉంది. కంప్యూటర్ ఒక్కటే గుర్రుమంటోంది. మనిషి లేని ఇంట్లో మంటలు లేస్తాయేమోనని ఐలా దాని తీగ పీకించింది. ఏట్లో పడ్డాడేమోనని పదకొండు కల్లా భవనం మొత్తం ఏటి గట్టున ఉంది. ఇద్దరు పడవ వేశారు. ఎల్వి కట్టు మార్చని మోకాలితోనే అందరికన్నా ముందు నడిచింది.

పదకొండున్నరకు తౌనో సైకిల్ మీద వచ్చాడు. కాళ్ళకు రబ్బరు బూట్లు, హ్యాండిల్‌కు వార్తాపత్రిక కప్పిన బకెట్.

"ఎక్కడికి పోయారండీ?" అంది ఐలా.

"బయటికి."

"మూడు రోజులా?"

"కొంచెం దూరం బయటికి."

అందరికీ అర్థమైంది. హిల్లా అనే అడవి పళ్ళు కాసే చిత్తడి నేల ఎక్కడుందో ఆ ఊళ్ళో ఎవరూ కట్టుకున్నవాళ్ళకు కూడా చెప్పరు.

"నర్సమ్మ సంచి మోసుకొచ్చింది. నాడి ఒకసారి చూపించుకోండి, శ్రమ వృథా కాకుండా," అన్నాడు రైమో.

పన్నెండుకు పది నిమిషాలుందనగా ఐలాకు నాలుగో పని గుర్తొచ్చింది. ఇంటికి పరుగెత్తి గదిలోకి వెళ్ళింది. ఎవరూ లేరు. శనివారం ఆరు తనకు కావాలని పద్ధతి ప్రకారం మళ్ళీ రాసి, జవాబు కోసం కాచుకు కూర్చుంది. నాలుగు నిమిషాల తర్వాత తన పేరు ముందున్న పిల్లితోక కంటపడింది. జవాబు చెప్పవలసింది తనే. 'సరే' అని రాసుకుంది. తర్వాత కాగితం చూసి, గది నెత్తిన వరుసలో శనివారం ఆరు పక్కన ఐలా అని చేర్చింది.

ఆ మధ్యాహ్నం వెతికినవాళ్ళంతా ఆవిడ ఇంట్లోనే సూపు తాగారు. పొయ్యి మీదే మరిచిపోయినందుకు అది అడుగు మాడింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ భవనంలో అది మెప్పు కిందే లెక్క. తౌనో ఆలస్యంగా వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఐలా గారూ, ఆ తోక నాది."

"తెలుసు. ఇచ్చేస్తాను. పళ్ళు ఏ చిత్తడిలో కోశారో చెప్పండి."

తౌనో కూర్చున్నాడు. రెండు గిన్నెల సూపు తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"మీ దగ్గరే ఉండనివ్వండి," అన్నాడు.

మీరెప్పుడైనా అలాంటి గది ఒకటి తెరిస్తే తౌనోను ఒకసారి గుర్తు చేసుకోండి. పళ్ళకు వెళ్ళేముందు తోక ఇంకొకరికి కూడా ఇచ్చి వెళ్ళండి.