తన్నని తుపాకీ, కొట్టే తలుపు

చేసిన పనికి పశ్చాత్తాపపడటం ప్రతి పౌరుడి జన్మహక్కు. కాకపోతే ఆ పశ్చాత్తాపం మూడు ప్రతుల్లో, నల్ల సిరాతో, వేటకాలం మొదలవడానికి ఏడు రోజుల ముందే అందాలి. ఈ గొప్ప సూత్రాన్ని మానవజాతికి ప్రసాదించింది స్టోనీ ఫోర్క్ కౌంటీ వేటగాళ్ళ సంఘం. రాకీ కొండల పక్కన, గోధుమచేల మధ్య, మనుషులకన్నా ఆవులు, ఆవులకన్నా తుపాకులు ఎక్కువున్న కౌంటీ అది.

ఆ కౌంటీలో మగవాడన్నవాడు జీవితంలో ఒక్కసారైనా తనకి అక్కర్లేనంత పెద్ద తుపాకీ కొంటాడు. మొదటి రోజు ఊరందరికీ చూపిస్తాడు. రెండో రోజు పేలుస్తాడు. మూడో రోజు నుంచి దాన్ని ఎవడికి అంటగట్టాలా అని చూస్తుంటాడు. ఇలా అంటగట్టుకునీ అంటగట్టుకునీ స్నేహాలు చెడుతున్నాయని సంఘం వాళ్ళు ఒక తుపాకీ పశ్చాత్తాప ఉపసంఘం వేశారు. మార్చుకున్న తుపాకీ వెనక్కి కావాలన్నవాడు దానికే దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి నలభై నిబంధనలున్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైంది నాలుగోది: "మన కౌంటీలో ఏ తుపాకీ తన్నదు."

(తుపాకీ పేల్చినప్పుడు గుండు ముందుకెళ్తే, తుపాకీ వెనక్కొచ్చి భుజాన్ని గుద్దుతుంది. పైన బిగించిన దుర్బిణీ అంచు కుడి కనుబొమ్మని చీరుతుంది, గోటితో గీసిన నెలవంకలాగా. మిగతా ప్రపంచం దీన్నే తన్నడం అంటుంది. స్టోనీ ఫోర్క్‌లో మాత్రం తలుపు తగిలింది అంటారు. అక్కడి తలుపులకి మగవాళ్ళ కుడి కనుబొమ్మ వెతుక్కుని మరీ కొట్టే అలవాటుంది. ఆడవాళ్ళ జోలికి వెళ్ళవు.)

ఆర్విడ్ నెస్‌కి అరవై నాలుగేళ్ళు. కొంత గోధుమ, కొంత గడ్డి, ముప్పై ఆవులు, లవోన్ అనే పెళ్ళాం. పదహారేళ్ళుగా ఏటా ఎల్క్ మగదుప్పిని కొట్టే అనుమతి కోసం రాష్ట్ర వేటశాఖ లాటరీకి దరఖాస్తు పెడుతున్నాడు. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. ఒకటి పడితే ఇంటిల్లిపాదికీ చలికాలమంతా మాంసం. పదిహేనుసార్లు "ఈసారి రాలేదు, ప్రయత్నం మానకండి" అని కార్డు వచ్చింది. పదహారోసారి అనుమతే వచ్చింది. ఒకసారి వస్తే మళ్ళీ ఏడేళ్ళదాకా దరఖాస్తు పెట్టకూడదు. అంటే ఆర్విడ్‌కి ఈ జన్మకి ఇదే దుప్పి.

ఆ కార్డు జేబులో పెట్టుకుని కాఫీ హోటలుకి వెళ్ళడమే అతను చేసిన తప్పు.

"దేంతో కొడతావు?" అనడిగాడు మెర్ల్ హాగెన్. ఇద్దరూ బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు.

"నా డెబ్బైతో." రెండువందల డెబ్బై క్యాలిబర్ తుపాకీ. వాళ్ళ నాన్నది. దాంతో ఆర్విడ్ నలభై ఏళ్ళలో ముప్పై ఒక్క జింకల్ని ఇంటికి తెచ్చాడు.

"పదహారేళ్ళకి వచ్చిన అనుమతికి డెబ్బయ్యా? ఆడపిల్లలు పండక్కి పేల్చుకునేది అది. ఒరేయ్, నా నాలుగువందల పదహారు తీసుకో. ఏనుగులకని చేశారు దాన్ని."

"మనకి ఏనుగులెక్కడివిరా?"

"వస్తే?"

 సాయంత్రానికల్లా తుపాకుల మార్పిడి జరిగిపోయింది, సంఘం పుస్తకంలో రాసుకున్నారు కూడా. తుపాకీతోపాటు ఇరవై తూటాల పెట్టె ఇచ్చాడు మెర్ల్. అందులో పదకొండున్నాయి. ఉన్న పదకొండూ లెక్కపెట్టుకుని ఆర్విడ్ సంబరపడ్డాడు. లేని తొమ్మిదీ తొమ్మిది మంది ఒక్కొక్కటి చొప్పున పేల్చి ఆపేసినవని అతనికి తట్టలేదు.

మర్నాడు గడ్డివాము వెనక ఒక్కటి పేల్చాడు. గుండు ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. టోపీ మాత్రం కంచె అవతల దొరికింది.

లవోన్ గడ్డకట్టిన బఠాణీల సంచి తెచ్చి భుజం మీద అదిమింది. కనుబొమ్మ నుంచి నెత్తురు కారుతోంది.

"ఏమైంది?"

"తలుపు తగిలింది."

"పొలంలోనా?"

 బాధ భుజంతో పోలేదు. ఆ రోజు నుంచి ఏ తుపాకీ పట్టుకున్నా, వేలు మీట మీదికి వెళ్ళేసరికి కళ్ళు వాటంతటవే మూసుకుపోతున్నాయి. పొలంలో డబ్బా పెట్టి చూశాడు. డబ్బా చెక్కుచెదర్లేదు. వేటకాలం ఇంకా పదకొండు రోజుల్లో ఉంది. చేతిలో డెబ్బై ఉంటే ఈ జంకు పోతుందనుకున్నాడు. డెబ్బై మెర్ల్ దగ్గరుంది. మెర్ల్‌కి ఫోన్ చేశాడు.

"ఇస్తానురా, నాకేం? కానీ నిబంధనలున్నాయి కదా. నేను ఉపసంఘం కార్యదర్శిని కూడానూ."

మొదటి దరఖాస్తులో కారణం "ఇంట్లో చోటు లేదు" అని రాశాడు. ఉపసంఘం ముగ్గురూ ఇంటికొచ్చి, బీరువా తెరిచి, కొలిచి, ఇంకో ఆరు తుపాకులు పడతాయని తేల్చి, లవోన్ చేసిన ఆపిల్ కేకు తిని, దరఖాస్తు కొట్టేశారు. రెండో దరఖాస్తులో "భార్య ఆజ్ఞ" అని రాశాడు. దానికి లవోన్ సంతకం కావాలి.

"నేను అనని మాట కింద సంతకం పెట్టను" అంది లవోన్. "నలభై ఏళ్ళలో అన్నవి చాలా ఉన్నాయి. వాటి కింద పెట్టమంటే ఇప్పుడే పెడతా, పట్రా."

ఇక మిగిలింది పంతొమ్మిదో నిబంధన. తలుపు, నిచ్చెన, గుర్రం, మంచు, ఈ నాలుగింట్లో దేనివల్లయినా గాయపడ్డ సభ్యుడికి ఆ సీజను వరకూ పాత తుపాకీ అరువుగా ఇవ్వొచ్చు. (తుపాకీ వల్ల గాయపడ్డవాడి సంగతి అందులో లేదు. నాలుగో నిబంధన ఉండగా అలాంటివాడు ఉండే అవకాశం లేదు.)

గురువారం మధ్యాహ్నం చర్చి కింది హాల్లో ఉపసంఘం కూర్చుంది. అధ్యక్షుడు థర్మన్ విక్, కార్యదర్శి మెర్ల్, సభ్యుడు గస్ లెఫ్లర్. కాఫీ పోసే వంతు ఆ వారం నెస్ వాళ్ళది కాబట్టి లవోన్ కూడా వచ్చింది.

"దరఖాస్తుదారు లేచి నిలబడాలి" అన్నాడు థర్మన్.

"నిలబడే ఉన్నానయ్యా. కుర్చీలు మూడే వేశారు."

"అయితే కూర్చోకూడదు. గాయానికి కారణం చెప్పు."

ఆర్విడ్ నిజం చెప్పేద్దామనే వచ్చాడు. పదహారేళ్ళ దుప్పి ముందు పరువెంత అని దారి పొడుగునా మనసుకి నచ్చజెప్పుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ తుపాకీ నన్ను... త..."

"తలుపు" అన్నాడు థర్మన్.

"కాదు థర్మన్, అది త... త..."

"తలుపే అంటున్నాడు. రాసుకో మెర్ల్."

మెర్ల్ అప్పటికే రాసేశాడు. ఆర్విడ్ తలెత్తి చూశాడు. థర్మన్ కుడి కనుబొమ్మ మీద నెలవంక. మెర్ల్ కనుబొమ్మ మీద నెలవంక. గస్‌కి రెండు. ముగ్గురూ అతని నోటివంకే చూస్తున్నారు, డాక్టరు ఏం చెబుతాడో అని చూసే రోగుల్లాగా. ఇప్పుడా మాట బయటికొస్తే ఈ కౌంటీలో ఎన్ని తలుపులు నిర్దోషులుగా విడుదలవుతాయో!

"తలుపే" అన్నాడు ఆర్విడ్.

ముగ్గురూ ఊపిరి వదిలారు.

"ఏ గది తలుపు?"

"స్నానాలగది తలుపు."

"మన స్నానాలగదికి తలుపెక్కడిది?" అంది లవోన్ కాఫీ పోస్తూనే. "పదకొండేళ్ళుగా పరదాయే కదా. తలుపు పెట్టించమని నేను అడగని నెల లేదు."

 థర్మన్ నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పాడు, మళ్ళీ చివరినుంచి మొదటిదాకా తిప్పాడు. పరదా మాట ఎక్కడా లేదు.

"పరదాకి కడ్డీ ఉంటుంది" అన్నాడు గస్ నెమ్మదిగా. "అది ఊడిపడిందనుకో..."

"భుజం మీదా, కనుబొమ్మ మీదా ఒకేసారా?" అంది లవోన్.

"కడ్డీకి రెండు కొసలుంటాయి కదమ్మా."

ఈ వాదనకి మెచ్చి గస్‌కి ఇంకో కప్పు కాఫీ పోయించారు. "తలుపు అనగా పరదా కూడా" అని అక్కడికక్కడే సవరణ చేసి, ముగ్గురూ చెయ్యెత్తి ఆమోదించారు. ఇక పరదా యజమానురాలి సంతకం కావాలి.

"పెడతా" అంది లవోన్. "కానీ నెల తిరక్కుండా నిజం తలుపు పెట్టించాలి."

"ఇప్పుడంత తొందరేంటి?" అన్నాడు ఆర్విడ్.

"ఈసారి నిన్ను కొట్టడానికి సరైనది ఉండొద్దూ?"

బండిలో ఇంటికి వెళ్తుంటే డెబ్బై ఇద్దరి మధ్యా ఉంది. చాలా దూరం పోయాక లవోన్ అంది: "తన్నిందని ఒక్క మాట అనుంటే అయిపోయేది."

"అందరూ ఉన్నారే."

"అందరికీ పగిలే ఉంది కదయ్యా."

"అందుకేనే అనలేకపోయింది."

వేటకాలం మొదలైన రోజు పొద్దున్నే, మంచు కరగని వాగు ఒడ్డున, నూటయాభై అడుగుల దూరంలో ఎల్క్ నిలబడింది. ఫొటో తీయించుకోవడానికి వచ్చినట్టు పక్కకి తిరిగి మరీ నిలబడింది. కొమ్ములకి చెరో వైపు ఆరేసి కొసలు. ఆర్విడ్ డెబ్బై ఎత్తాడు. నాన్న చెయ్యి పడి అరిగిన కర్ర చెంపకి చల్లగా తగిలింది. డెబ్బై పిల్లి తోసినంత మాత్రమే తోస్తుందని అతనికి తెలుసు. చేతులకి తెలుసు. భుజానికి తెలియదు. వేలు కదలగానే కళ్ళు మూసుకున్నాయి, భుజం వెనక్కి లాక్కుంది, గుండు వాగవతల రాయికి తగిలింది.

దుప్పి తల తిప్పి చూసింది. రెండో గుండు ఇంకా దూరంగా పోయింది. దుప్పి కాసేపు ఆగింది, ఇంకేమైనా ఉందేమో చూసి పోదామన్నట్టు. తర్వాత నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పరిగెత్తను కూడా లేదు.

వేటకాలం అయిపోయాక రాష్ట్ర వేటశాఖ నుంచి కార్డు వచ్చింది. "మీరు దుప్పిని తీసుకోలేదా? కారణం గుర్తుపెట్టండి" అని కింద నాలుగు గళ్ళు: దుప్పి కనపడలేదు, వాతావరణం బాగాలేదు, బండి చెడిపోయింది, ఇతరం. ఇతరం పక్కన వివరానికి అంగుళం గీత ఉంది. నిజం పట్టాలంటే ఆ అంగుళం చాలు. ఆర్విడ్ కలం ఆ గీత మీద చాలాసేపు ఆనించి ఉంచాడు. తర్వాత మొదటి గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, లవోన్ తపాలా పెట్టెలో వేసే ఉత్తరాల్లో పెట్టాడు.

ఆ ఏడాది కౌంటీలో అనుమతి వచ్చినవాళ్ళు పదకొండు మంది. అందులో తొమ్మిది మందికి దుప్పి కనపడలేదు. శాఖవాళ్ళు కార్డులన్నీ యంత్రంలో పోసి, స్టోనీ ఫోర్క్‌లో ఎల్క్ దాదాపు అంతరించిందని తేల్చారు. అనుమతులు పదకొండు నుంచి రెండుకి తగ్గించారు. చలికాలంలో దుప్పులు మేసిన గడ్డికి రైతులకిచ్చే పరిహారం కూడా ఎత్తేశారు. (లేని దుప్పి తిన్న గడ్డికి పరిహారం ఇవ్వడం ఏ చట్టంలోనూ లేదు.)

జనవరిలో మోకాటి లోతు మంచు పడ్డ పొద్దున, లవోన్ వంటింటి కిటికీలోంచి గడ్డివాముని చూసి శాఖకి ఫోన్ చేసింది.

"మా గడ్డి తింటున్నాయండీ. ఎల్క్. నలభై మూడు."

"మీ ప్రాంతంలో లేవమ్మా" అన్నాడు అవతల ఉద్యోగి, పాపం మర్యాదగానే. "ఆవులేమో సరిగ్గా చూడండి."

"ఆవులకి కొమ్ములు ఆరేసి కొసలుంటాయా నాయనా?"

"మీ ఆయనే రాసిచ్చారు కదమ్మా. సంతకం కూడా ఉంది ఇక్కడ."

లవోన్ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి మొగుడి వైపు తిరిగింది. "ఏవయ్యా, ఇలా వచ్చి చూడు. ఇవి నీకు కనపడుతున్నాయా లేదా?"

ఆర్విడ్ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అన్నిటికన్నా ముందు, వాములోంచి మోపెడు గడ్డి లాగేసుకుని, ఆ ఆరేసి కొసల కొమ్ములది తింటోంది.

"సంతకం పెట్టేశాక ఇప్పుడెలా కనపడతాయే?" అన్నాడు.