నడినెత్తి దాటని టెలిస్కోపు

ఆ ఆదివారం ఉదయం బాబాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండున్నరకల్లా డాబా మీద టెలిస్కోపు నిలబెట్టాలి. మేడలోని జనం పైకి రావాలి. సూర్యుడి మీద ఈ వారం లేచిన పెద్ద మచ్చను తలా ఒకసారి చూడాలి, చూసి కాసేపు కూర్చోవాలి. ఆ కూర్చోవడం కోసమే మిగతాదంతా.

పిల్లలకీ పెద్దలకీ అతను బాబాయే. పిలుపుకేం, పుష్కలం. తలుపు తట్టేవాడే లేడు. ఉద్యోగమంతా రైళ్ళలో టికెట్లు తనిఖీ చేశాడు. అన్నేళ్ళు జనం మధ్యే తిరిగినా అతణ్ణి చూసి సంతోషించిన ప్రయాణికుడు ఒక్కడూ తగల్లేదు. రిటైరై ఈ మేడ ఐదో అంతస్తులో ఒంటరిగా దిగాక, సూర్యుడి వెంట దానంతటదే తిరిగే ఈ మోటారు టెలిస్కోపు కొన్నాడు. తన వెంట తిరిగేవాళ్ళు ఎలాగూ లేరు కదా.

దాని మీద మేడ సంఘం కన్ను పడింది. సంఘమంటే తెలిసిందే: తాళంచెవులు ఒకడి చేతిలో పెట్టి తక్కినవాళ్ళు నిద్రపోవడం. ఆ తాళంచెవుల కార్యదర్శి ఖరాఖండిగా చెప్పేశాడు.

"చూడు బాబాయ్, డాబా అందరిదీ. నీ ఒక్కడి ముచ్చటకి ఓ మూల ఆక్రమిస్తానంటే కుదరదు. ఆదివారం జనం వస్తే ఉంచుకో. రాలేదా, సోమవారం దింపెయ్. అక్కడ బట్టల తీగలు కట్టమని మా ఆవిడ ఎప్పట్నుంచో గోల."

అందుకని బాబాయ్ లిఫ్టులో కాగితం అంటించాడు. గడపగడపకీ వెళ్ళి కుర్చీలు అడిగి తెచ్చాడు. గొట్టం మూతికి ఎండ ఆపే నల్ల అద్దం బిగించాడు. వేళ కూడా తనే ఎంచాడు. సూర్యుడు నడినెత్తిన ఉంటే బ్రహ్మాండంగా కనిపిస్తాడని అతని సొంత లెక్క. యంత్రంతో వచ్చిన పుస్తకంలో సరిగ్గా ఆ వేళ గురించే ఎర్రక్షరాల్లో హెచ్చరిక ఉంది. కానీ పుస్తకం చూసి యంత్రం నడపడమంటే అతనికి నామోషీ.

డాబా మీద కరెంటు ప్లగ్గు ఒక్కటే, అదీ లిఫ్టు మోటారు గదిలో. అక్కణ్ణుంచి వైరు లాక్కొచ్చాడు. కింద పడేస్తే ఎవరి కాలికైనా చుట్టుకుంటుందని, లిఫ్టు మెయిన్ స్విచ్చు పిడి మీదుగా జాగ్రత్తగా వేలాడదీశాడు. జాగ్రత్త ఎక్కువైన మనిషి చేసే పాడు పని, అజాగ్రత్త మనిషి తలకిందులుగా తపస్సు చేసినా చెయ్యలేడు.

పదకొండున్నర దాటింది. కుర్చీలన్నీ ఖాళీ. పన్నెండు కావస్తుండగా యంత్రం ఠక్కున ఆగి కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. బాబాయ్ గబగబా కంపెనీవాళ్ళ సహాయం నంబరుకి ఫోన్ చేశాడు. అవతల ఒక అమ్మాయి ఎత్తింది.

"సార్, కంగారు పడకండి. సూర్యుడు మీ నడినెత్తి గీత దాటుతున్నాడు. ఇంకా అటే తిరిగితే గొట్టం వెళ్ళి స్టాండు కాలికి కొట్టుకుంటుంది. అందుకే ఆగింది. అది లోపం కాదు."

"ఆగిపోవడం లోపం కాదా? మా రైళ్ళలో మేమూ ఇలాగే చెప్పేవాళ్ళమమ్మా!"

"పచ్చ బటన్ నొక్కండి సార్. అదే పక్క మార్చుకుంటుంది."

నొక్కాడు. గొట్టం గిర్రున తిరిగి రెండో పక్కకు వచ్చింది. దాంతోపాటు వైరూ చుట్టుకుంది. చుట్టుకున్న వైరు బిగిసింది. బిగిసిన వైరు గదిలోని స్విచ్చు పిడిని కిందికి లాగేసింది. ఇవేవీ బాబాయ్ చూడలేదు. కీచు శబ్దం ఆగి, ఇప్పుడు గణగణమని గంట మోగడం మాత్రం విన్నాడు.

"అమ్మాయ్, ఇది ఇంకో రకంగా ఏడుస్తోంది!"

"ఆపెయ్యండి సార్."

"ఆపేశాను."

"వైరు తీసెయ్యండి."

"తీసేశాను. మోగుతూనే ఉంది!"

"సార్, మీ ఇంట్లో ఇంకెవరైనా ఏమైనా మోగిస్తున్నారేమో చూడండి."

"మా ఇంట్లోనా? ఇంకెవరుంటారమ్మా?" అన్నాడు బాబాయ్.

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, యంత్రం మీద దుప్పటి కప్పాడు. తగ్గలేదు. దుప్పటి తీసి, మోటారు పెట్టె మరలు విప్పాడు. గొట్టం ఊడదీసి కుర్చీలో పడుకోబెట్టాడు. యంత్రం ముక్కలుముక్కలై నాలుగు కుర్చీలు నిండాయి. వచ్చిన ప్రేక్షకులు అవే. గంట మాత్రం ఆగలేదు, పైగా దానికి గొంతు కూడా వచ్చింది.

"అమ్మాయ్, నన్ను పిలుస్తోంది!"

"ఏమని సార్?"

"బాబాయ్ అని."

"సార్, మా యంత్రంలో ఆ సౌకర్యం లేదు," అంది అమ్మాయి ఖచ్చితంగా.

అప్పుడు వెలిగింది బాబాయ్‌కి. ఫోను కుర్చీలో పడేసి మెట్లు దిగాడు. నాలుగుకీ ఐదుకీ మధ్య పాత జాలీ తలుపుల లిఫ్టు వేలాడుతోంది. లోపల కార్యదర్శి, ఆయన భార్య, మూడో అంతస్తు టైలరు, వాళ్ళ వెనక ఇంకా తలకాయలు. మేడ మేడంతా ఆ పెట్టెలోనే ఉంది.

"చెవుల్లో సీసం పోసుకున్నావా బాబాయ్? ఎంతసేపని ఈ బ్యాటరీ గంట కొట్టాలి?" అరిచాడు కార్యదర్శి.

"మీరంతా... పైకే వస్తున్నారా?"

"లేదు, లిఫ్టులో కాపురం పెడదామని బయల్దేరాం!" అంది ఆయన భార్య. "మెయిన్ పడిపోయుంటుంది, వెళ్ళి చూడవయ్యా!"

మెయిన్ అనగానే, పిడి మీద వేలాడేసిన వైరు కళ్ళముందు కదిలింది. గబగబా వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే టైలరు అడిగాడు. "అయినా బాబాయ్, ఆ మచ్చ నిజంగా అంత పెద్దదా?"

బాబాయ్ కాలు ఆగిపోయింది. టికెట్టు సంగతి కాకుండా అతణ్ణి ఒక మనిషి ఒక ప్రశ్న అడిగి ఎన్నాళ్ళైందో.

"పెద్దదా అంటే? మన భూమిని దొర్లిస్తే అందులో పడిపోతుంది." మెట్టు మీద కూర్చున్నాడు. "పడ్డాక కూడా చుట్టూ ఖాళీ మిగులుతుంది."

"అబ్బో!"

"ముందు మమ్మల్ని తియ్యవయ్యా మహానుభావా!"

"వెళ్తున్నా, వెళ్తున్నా," అంటూనే కూర్చున్నాడు. స్విచ్చు పైకి తోస్తే తలుపులు తెరుచుకుంటాయి. తెరుచుకున్న తలుపుల ముందు జనం ఎప్పుడు ఆగారు గనక? అది అతనికి రైళ్ళు నేర్పిన పాఠం. మచ్చ గురించి చెప్పాడు, నల్ల అద్దం గురించి చెప్పాడు, నడినెత్తి గీత గురించి తనే కనిపెట్టినంత ధీమాగా చెప్పాడు. లోపల ఎవరికో ఊపిరాడక దగ్గు తెర వచ్చింది. అప్పుడు సిగ్గేసింది. లేచి పైకి పరుగెత్తి పిడి పైకి తోశాడు.

కరెంటు పోయి వస్తే ఏ అంతస్తులో ఉన్నా తిన్నగా అట్టడుక్కి పోవడం ఆ పాత లిఫ్టు అలవాటు. బాబాయ్ డాబా మీద లిఫ్టు తలుపు ముందు నిలబడ్డాడు. లిఫ్టు కిందికి పోయింది. అట్టడుగున జాలీ తలుపు దభాలుమంది. అడుగుల చప్పుడు చెదిరింది, ఒక్కో ఇంటి తలుపూ మూసుకుంది.

సాయంత్రం కార్యదర్శి మెట్లెక్కి, రొప్పుతూ, గుమ్మం అవతలే నిలబడ్డాడు. "మాటంటే మాటే. జనం బయల్దేరారు, నేనే సాక్షిని. యంత్రం ఉంచుకో. కానీ లిఫ్టుని ఆపింది దాని వైరే; అది పైన ఉన్నన్నాళ్ళూ మావాళ్ళెవరూ లిఫ్టెక్కరు. ఇన్ని మెట్లెక్కి సూర్యుణ్ణి చూసే ఓపిక ఎవరికీ లేదు."

బాబాయ్‌కి మూల దక్కింది. చుట్టుపక్కల ఎవరూ లేని మూల.

మర్నాడు ముక్కలన్నీ బిగించి మళ్ళీ నిలబెట్టాడు. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి రాగానే యంత్రం ఠంచనుగా ఆగి కీచుమంది. పచ్చ బటన్ నొక్కాలని అతనికి తెలుసు.

ఫోన్ చేశాడు.