దావానలం బృందానికి గాయకుడు కావలెను

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదైనా నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇరుకైపోయే అడవిలో, ‘దావానలం’ అనే రాక్ బృందం ఉండేది.

దాన్ని స్థాపించింది శూలపాణి అనే ముళ్ళపంది. వాడు పుట్టడమే కోపంగా పుట్టాడు. తన ముళ్ళనే తీగల్లా మీటుతూ, ఝణఝణలాడిస్తూ పాటలు కట్టేవాడు. వడ్రంగిపిట్ట మద్దిలేటి బోలు మాను మీద దరువు వేసేవాడు. గోదురుకప్ప జలజ కింది శ్రుతి పట్టేది. పాడేది మాత్రం పికిలిపిట్ట రంగమణి. వయసులో అందరికంటే పెద్దది. బృందంలో ఎవరినైనా ‘ఒరే’ అనగల చనువు ఆమె ఒక్కదానికే ఉండేది.

తొండ నూకరాజు కార్యదర్శి. వాడికి పాట రాదు, వాయిద్యమూ రాదు. కానీ తొండ కదా, ఊపిరి పీల్చినా తల ఊగుతుంది. దావానలం నియమావళి ప్రకారం తల ఊగితే మద్దతు ఇచ్చినట్టే. అందుకే అక్కడ ఇంతవరకూ ఏ తీర్మానమూ వీగిపోలేదు.

ఇంకో నియమం కూడా ఉంది. సాధనకు ముందు సభ జరగాలి. సభకు ముందు ఆత్మవిమర్శ జరగాలి. ఎవరి తప్పులు వాళ్ళు చెప్పుకుని, మిగిలిన సమయంలో పక్కవాళ్ళవి చెప్పేసరికి పొద్దు వాలిపోయేది. పాట రేపటికి మిగిలిపోయేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కింది వాగు ఎండిపోయింది. మిగిలిన పై మడుగు దగ్గర సింహం ఒక పలక పాతించింది: ‘ఏలినవారి జలకాలాటకు మాత్రమే.’ మడుగుకు దారి రెండు బండల మధ్య సందు ఒక్కటే. ఆ సందులో బొంతయ్య అనే ఎలుగుబంటిని కాపలా కూర్చోబెట్టారు.

శూలపాణి చెల్లెలు చిట్టికి తడి మన్ను నాకి నాకి నాలుక పగిలిపోయింది. అది చూసిన కోపంలో శూలపాణి ఒక పాట రాశాడు.

‘మడుగు మనదే, అడుగు మనదే,
దాహమేసిన ప్రతి నాలుక మనదే.’

పథకం తేలికే. మడుగుకు ఎదురుగా ఉన్న చదును బండ మీద కచేరీ. అడవి అంతా వస్తుంది. రంగమణి ఈ పాట అందుకోగానే అందరూ ఒక్కసారిగా కదలాలి. అంతమందిని బొంతయ్య ఒక్కడూ ఆపలేడు. పాట లేకపోతే మాత్రం ఎవరూ కదలరు. కుందేళ్ళు ముందు వెళ్ళాలని జింకలు చూస్తాయి, జింకలు ముందు వెళ్ళాలని కుందేళ్ళు చూస్తాయి. సింహం బలం గోళ్ళలో కాదు, ఆ చూపుల్లో ఉంది.

సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. రంగమణి బొంతయ్య గుహలో పాడిందట.

వెంటనే సభ పెట్టారు.

“శత్రువు గుమ్మంలో పాడావు. ఒప్పుకుంటావా?” అన్నాడు శూలపాణి.

“గుమ్మంలో కాదురా, లోపల. ఎండగా ఉందని లోపలికి రమ్మన్నారు.”

“ఏం పాడావు?”

“జోల. వాళ్ళ పిల్లాడికి పళ్ళొస్తున్నాయి. గుక్కపట్టి ఏడుస్తున్నాడు. దానికీ తీర్మానం చేయించుకోవాలా?”

“జోల అంటే ఏమిటి? నిద్రపుచ్చేది! మన చారిత్రక కర్తవ్యం ఏమిటి? మేల్కొల్పడం!”

“పళ్ళొచ్చే పిల్లాణ్ణి మేల్కొల్పి చూడు, చరిత్ర తెలుస్తుంది.”

జలజ కిసుక్కున నవ్వి, సభలో ఉన్నానని గుర్తొచ్చి దగ్గినట్టు నటించింది.

“ప్రతిఫలం తీసుకున్నావా?” అన్నాడు మద్దిలేటి.

“రేగుపళ్ళు పెట్టారు, తిన్నాను. నువ్వడుగుతావని నీకూ రెండు తెచ్చాను.”

మద్దిలేటి గుటక మింగి మొహం తిప్పుకున్నాడు.

“మరి పాట ఎవరు పాడతారు?” అంది జలజ.

“వ్యక్తులు పోతారు, ఉద్యమం నిలుస్తుంది,” అన్నాడు శూలపాణి.

“నిలుస్తుంది సరే. ఉద్యమానికి గొంతు ఉందా అని అడుగుతున్నా.”

ఆ సమయానికి నూకరాజు ఊపిరి పీల్చాడు. తల ఊగింది. రంగమణిని బహిష్కరించారు.

ఆమె రెక్కలు దులుపుకుంది. “పాట బాగా రాశావురా శూలపాణీ. ఎవరిచేత పాడించినా కింది శ్రుతిలో పాడించు. పైకి పోతే పొగరుగా ఉంటుంది, దాహంగా ఉండదు.”

ఆ మాటకు శూలపాణి ముళ్ళు కొంచెం వాలాయి. మళ్ళీ సభ గుర్తొచ్చి నిక్కబెట్టాడు.

గాయకుడు కావలెనని అడవి అంతా చాటించారు. ఎంపికకు శూలపాణి ఒక వరస పెట్టాడు. మొదట పుట్టుపూర్వోత్తరాలు. తర్వాత తిండి. తర్వాత ఇంతకుముందు ఎక్కడెక్కడ పాడారు, ఎవరి ముందు పాడారు. తర్వాత దృక్పథం. ఆఖరి అంశం పాట. “గొంతును దిద్దుకోవచ్చు, దృక్పథాన్ని దిద్దలేం,” అని వాడి వాదన.

ముందు నెమలి వచ్చింది, పురి సర్దుకుంటూ.

“సింహం పుట్టినరోజుకు ఆడావా?”

“ఆడాను. మబ్బు పట్టింది కదా, వానకనుకున్నాను.”

“వెళ్ళొచ్చు.”

తర్వాత నక్కలు గుంపుగా వచ్చాయి. “మేం అందరం కలిసే కూస్తామండీ. ఒక్కడే పేరు కొట్టేయడం మాలో లేదు,” అన్నాయి. శూలపాణి చెవులు నిక్కాయి.

“భోజనం?”

“సింహంగారు తినగా మిగిలింది.”

“వెళ్ళొచ్చు.”

“అందరమా?”

“కలిసే.”

కాకి మాత్రం ధీమాగా వాలింది. “సింహం మొహం మీదే అరిచినదాన్ని. నాకేం భయం?”

“చావు ఇళ్ళలో పిండం ముట్టావా?” అన్నాడు మద్దిలేటి.

“ఆకలేసింది, ముట్టాను.”

“మూఢాచారానికి ఊతమిచ్చావు.”

“ఒరే, ఒక్క చరణం వినండిరా!”

“పాట ఆఖరి అంశం.”

“అక్కడిదాకా ఎవడొస్తాడ్రా?” అని తిట్టుకుంటూ కాకి ఎగిరిపోయింది. ఆ తిట్టు అవతలి కొండదాకా వినిపించింది. బాగుండకపోయినా వినిపించే గొంతు పోయిందని జలజ మనసులో అనుకుంది.

అలా వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. పాడినవాడు ఎవడైనా ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి ముందు పాడే ఉంటాడు. పాడని చోటు దొరికితే తిండి దగ్గర దొరికిపోతాడు.

చివరికి బండ నీడలో ఒక తాబేలు కనబడింది. అది వరసలో నిలబడలేదు. అటుగా పోతోంది. నిలబడటానికీ పోవడానికీ దాని విషయంలో తేడా తెలియక నూకరాజు లోపలికి పిలిచేశాడు.

“పేరు?”

“కూర్మయ్య అంటారు బాబూ. నేను పక్క గట్టుకి...”

“సింహం దర్బారులో ఎప్పుడైనా పాడారా?”

“లేదు.”

“పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో?”

“లేదు బాబూ.”

“జోలలు?”

“మా ఆడవాళ్ళు గుడ్లు ఇసకలో పెట్టి వెళ్ళిపోతారు. జోల ఎవరికి పాడతాం?”

“సన్మానాలు?”

“నాకెవరు చేస్తారు?”

“నివాసం?”

కూర్మయ్య తన డిప్పను చూపించాడు.

“సొంత ఇల్లు,” అన్నాడు మద్దిలేటి అనుమానంగా.

“అద్దెకివ్వలేదుగా, మోస్తున్నాడు. అది శ్రమ,” అన్నాడు శూలపాణి.

“బాబూ, అసలు సంగతేంటంటే, నేను ఎప్పుడూ ఎక్కడా పాడలేదు.”

శూలపాణి కళ్ళు చెమర్చాయి. “విన్నారా? ఎన్నడూ రాజీపడని గొంతు!”

“అది కాదు బాబూ, నాకు...”

“వినయం కూడా,” అన్నాడు మద్దిలేటి.

“ఆఖరి అంశం కూడా చూసేద్దాం,” అంది జలజ. “ఒక్క ముక్క పాడమందాం.”

నూకరాజు సూర్యుణ్ణి చూసి, ఆత్మవిమర్శ వేళయిందన్నాడు. పాట వాయిదా పడింది. కూర్మయ్య ఎంపికయ్యాడు.

సాధన ఊసు ఎత్తకపోతేనే మేలు. కూర్మయ్య పొద్దున్నే బయలుదేరేవాడు. బండ దగ్గరికి చేరేసరికి అందరూ ఇళ్ళకు వెళ్తూ ఎదురొచ్చేవారు. “బాబూ, ఒక్క మాట...” అనబోతే, “మాట్లాడకండి, గొంతు దాచుకోండి,” అని శూలపాణి ప్రేమగా కసిరేవాడు.

కచేరీ రోజు రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం. సింహం గుహలో గుర్రు పెడుతోంది. బండ చుట్టూ అడవి అంతా చేరింది. జింకపిల్లలు తల్లుల పొట్టల కింద నీడ వెతుక్కుంటున్నాయి. ముందు వరసలో చిట్టి కూర్చుంది, పగిలిన నాలుక బయటపెట్టి. సింహం తరఫున సాంస్కృతిక మంత్రి పునుగుపిల్లి ఘుమఘుమలాడుతూ వచ్చి కూర్చున్నాడు. ఎందుకైనా మంచిదని ఒక దండ కూడా తెచ్చుకున్నాడు.

మద్దిలేటి దరువు అందుకున్నాడు. జలజ శ్రుతి కలిపింది. శూలపాణి ముళ్ళు ఝణఝణమన్నాయి. అందరి కాళ్ళూ లేవడానికి సిద్ధంగా ఉన్నాయి. “ఇప్పుడు!” అన్నాడు శూలపాణి.

కూర్మయ్య నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. అన్ని కళ్ళు తనను చూస్తున్నాయని తెలిసి తల లోపలికి లాక్కున్నాడు. తర్వాత కాళ్ళు కూడా. బండ మీద ఇంకో బండ మిగిలింది.

దరువు ఆగిపోయింది.

శూలపాణి డిప్ప మీద కొట్టాడు. “కూర్మయ్యగారూ! పాడండి!”

“అదే బాబూ ఇన్నాళ్ళూ చెప్పబోతున్నది,” అని లోపలినుంచి సన్నగా వినిపించింది.

పునుగుపిల్లి ఒక్క గెంతులో బండెక్కాడు. “ఆహా! నిరసన అంటే ఇదండీ! ఎంత సంస్కారం! ఎంత నిశ్శబ్దం! ఇకమీదట ఈ అడవిలో నిరసనలన్నీ ఇలాగే జరగాలని ఏలినవారి తరఫున కోరుతున్నాను,” అంటూ డిప్పకు దండ వేశాడు. అంతా ప్రశాంతంగా ముగిసిందని సింహానికి చెప్పడానికి తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

జింకలు కుందేళ్ళను చూశాయి. కుందేళ్ళు జింకలను చూశాయి. ఒకటి రెండు వెనక్కి తిరిగాయి. చిట్టి అన్నను చూసింది. శూలపాణి మళ్ళీ డిప్ప మీద కొట్టాడు.

అప్పుడు సందులోంచి పిల్లాడి ఏడుపు లేచింది. బొంతయ్య వెంట తెచ్చుకున్న కొడుకు ఇందాకటి దరువుకు నిద్రలేచాడు. బొంతయ్య వాణ్ణి భుజాన వేసుకున్నాడు, ఊపాడు, బతిమాలాడు. లాభం లేక పక్కనున్న రేల చెట్టు వైపు తలెత్తాడు.

“అక్కా, నీకు దండం పెడతా. ఆ జోల ఒక్కసారి అందుకో.”

కొమ్మ మీద రంగమణి ఉంది. వెలివేశారు కాబట్టి గుంపులోకి రాకుండా దూరంగా కూర్చుంది. ఆమె బండ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని అందుకుంది. వరస జోలదే. మాటలు మాత్రం శూలపాణివి.

‘మడుగు మనదే, అడుగు మనదే...’

కింది శ్రుతిలో, మెల్లగా, దాహమేసినట్టుగా. మాటలు బొంతయ్యకు వినిపించాయో లేదో. కొడుకు కళ్ళు మూతపడుతుంటే ఏ తండ్రి పాటలో తప్పులు వెతుకుతాడు? చెయ్యి వాడి వీపు మీద, తల బండకు ఆనించి, తనూ జోగడం మొదలుపెట్టాడు.

మొదట లేచింది చిట్టి. దాని వెనక ఒక జింకపిల్ల. దాని వెనక తల్లి. ఆ వెనక కుందేళ్ళు. చప్పుడు లేకుండా, మునివేళ్ళ మీద, అడవి అంతా సందులోకి నడిచింది.

సగం మంది దాటాక బొంతయ్య ఒక కన్ను తెరిచాడు. వరసను చూశాడు. గుండె మీద పడుకున్న కొడుకును చూశాడు. అరవడానికి తెరిచిన నోటికి వేలు అడ్డం పెట్టుకుని, “మెల్లగా పోండమ్మా, ఇప్పుడే పడుకున్నాడు,” అన్నాడు.

బండ మీద మద్దిలేటి రెక్కలు బిగించుకున్నాడు. “ఇది తీర్మానం లేని కదలిక. గాయని బహిష్కృతురాలు. మనం పాల్గొనడానికి వీల్లేదు.”

జలజ అప్పటికే మడుగులో ఉంది.

“అన్నయ్యా, చల్లగా ఉన్నాయి, రా!” అని చిట్టి పిలిచింది. మూతి నిండా నీళ్ళు.

శూలపాణి నూకరాజు వైపు చూశాడు. నూకరాజు తల ఊపాడు. అది మద్దతో ఊపిరో శూలపాణి చూసుకోలేదు. బండ దిగి పరుగెత్తాడు.

కడుపారా తాగాక, మడుగు ఒడ్డున రంగమణి వచ్చి వాలిన రాయి దగ్గరికి వెళ్ళాడు. “అక్కా, నువ్వు మళ్ళీ బృందంలోకి...”

“ఏ అంశం కింద?”

వాడు ముళ్ళన్నీ వాల్చేశాడు.

“పాట బాగుందని చెప్పానా లేదా? ఇంకాసిని తాగు. అరిచి అరిచి నీ గొంతే ఎక్కువ ఎండింది,” అని ఆమె ఎగిరిపోయింది.

పొద్దు వాలుతుండగా దండతో సహా కూర్మయ్య చేరాడు. “ఇప్పుడైనా చెప్పనిస్తారా బాబూ? నాకు పాట రాదు.”

“తెలిసింది,” అన్నాడు శూలపాణి.

“అందరికీ ముందే తెలుసు. మీకు కూడా తెలిసిందంటే సంతోషం.”

అంతా ప్రశాంతమని సింహానికి చెప్పేసిన పునుగుపిల్లికి ఇక మాట మార్చే దారి లేకపోయింది. గుట్టుగా పలక మార్పించాడు: ‘ఏలినవారి దయతో అందరికీ.’ దావానలం సంగతంటారా? కూర్మయ్యను తీసేయాలని సభ పెట్టారు. ఎంత వెతికినా అతను చేసిన తప్పు ఒక్కటీ దొరకలేదు. నేటికీ ప్రధాన గాయకుడు అతనే. శూలపాణి మాత్రం సభ జరుగుతుండగా తరచు దాహమేస్తోందని లేచి, రంగమణి పాడే మడుగు వైపు వెళ్తుంటాడు.

నీతి: మచ్చలేని గాయకుడు కావాలంటే పాటే రానివాణ్ణి ఎన్నుకోండి, పాట వినాలనిపించిన రోజున మీరు వెలివేసిన వాళ్ళ చెట్టు కిందికి వెళ్ళండి.