కాలరు లోపల నలభై ఏడు

రాకపోకల శాఖవారు ప్రజారోగ్యం దృష్ట్యా వెలువరించిన ప్రకటన ప్రకారం హెచ్.ఐ.వి. క్రిమి తొంభై రోజుల వరకు ప్రమాదం లేనిది. తొంభై ఒకటో రోజు పొద్దున్నించి మహా ప్రమాదకరం. చుట్టపుచూపుగా దేశం చూడవచ్చినవాడి ఒంట్లో అది బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. పని చేసుకోవడానికి వచ్చినవాడి ఒంట్లో అయితే లేచి వీధులు పట్టుకు తిరుగుతుంది. ఏళ్ల తరబడి సూక్ష్మదర్శినిలో కళ్లుపెట్టి చూసిన డాక్టర్లకు తట్టని ఈ విషయాన్ని కుర్చీలోంచి లేవకుండానే కనిపెట్టినందుకు శాఖవారిని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఈ గొప్ప సంగతి తెలియక, పొట్టకూటికి వచ్చిన కాలర్లక్క ఆ పరాయి దేశంలో పదకొండేళ్లు బతికేసింది. యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెది నలభై ఏడో మిషను. కుట్టిన ప్రతి కాలరు లోపలా మిషను నంబరున్న గుడ్డముక్క పెట్టడం అక్కడి ఆనవాయితీ, కుట్టు ఊడితే ఎవరిని తిట్టాలో తెలియడానికి. అలా నలభై ఏడు అన్న గుడ్డముక్క వేల మెడల వెనక చేరింది. ఒక్కరూ తిట్టలేదు.

ఆమె మొగుడు పోతూ పోతూ ఆమెకు రెండు ఇచ్చిపోయాడు, ఒక కూతురు, ఒక జబ్బు. కూతురికి జబ్బు రాలేదు. జబ్బుకేమో రోజూ పొద్దున టీ తాగాక ఒక మాత్ర. సర్కారు ఆస్పత్రి డాక్టరమ్మ ఏటా రక్తం చూసి, "అక్కా, క్రిమి మా మిషనుకు అసలు కనపడటం లేదు. ఇలాగే వేసుకో" అనేది. ఆ ఏడు ఉండుబడి కాగితానికి, అంటే దేశంలో ఉండనిచ్చే అనుమతికి, రక్తపరీక్ష కొత్తగా పెట్టారు. ఆస్పత్రి మిషనుకు కనపడనిది శాఖవారికి స్పష్టంగా కనపడింది. వారం రోజుల్లో దేశం విడిచి వెళ్లమని తాఖీదు వచ్చింది. కూతురి పదో తరగతి పరీక్షలు ముగియడానికి సరిగ్గా రెండు నెలలుంది.

కాలర్లక్క శాఖాఫీసుకు వెళ్లింది. గుమాస్తా గ్లౌజులు తొడుక్కుని, నేల మీద పసుపు గీత చూపించాడు.

"అమ్మా, గీతకి అవతలే ఉండండి."

"ఉన్నాను బాబూ. పిల్ల పరీక్షలయ్యేదాకా రెండు నెలలు ఆగనివ్వండి. చాలు."

"పిల్లకి జబ్బుందా?"

"లేదు."

"అయితే పిల్ల ఉండొచ్చు."

"పదిహేనేళ్ల పిల్ల, ఒక్కతీ ఎలా ఉంటుంది బాబూ?"

"ఉండకూడదు. తల్లి దగ్గర ఉండాలి, రూలు."

"మరి తల్లి?"

"తల్లి ఉండకూడదు. అదీ రూలే."

అలవాటు కొద్దీ కాలర్లక్క చూపు అతని మెడ మీదికి పోయింది. "మీ కాలరు ఎడమపక్క లేచింది బాబూ. ఇస్త్రీలో అడ్డంగా లాగేసినట్టున్నారు. కాస్త తడి చేసి అదమండి, కూర్చుంటుంది. నేను కుట్టిందే, నాకు తెలుసుగా."

గుమాస్తా చెయ్యి మెడ మీదే ఆగిపోయింది. పక్కగదిలోకి పరుగెత్తి చొక్కా విప్పి చూశాడు. నలభై ఏడు. పక్కవాడిదీ నలభై ఏడే. గంటలో శాఖంతా చొక్కాలు విప్పుకుని బనియన్లతో ఫైళ్లు చూస్తోంది.

అత్యవసర సమావేశం పెట్టారు. పదకొండు వేల కాలర్లు తగలబెట్టాలా, పాతిపెట్టాలా అన్నది చర్చ. డాక్టరమ్మను పిలిపించారు. "బట్టల వల్ల రాదు, ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. మందు సరిగ్గా వాడి క్రిమి కనపడనంత తగ్గినవాళ్ల నుంచి కాపురం చేసినా రాదు" అందామె.

పెద్దాఫీసరు లేచి నిలబడి ఉపన్యసించాడు. "సోదరులారా! మనది సైన్సును గౌరవించే శాఖ. ఆధారం లేని భయాలకు మన దగ్గర చోటు లేదు. కాలర్లు ఇక్కడే ఉంటాయి!"

అందరూ చప్పట్లు కొట్టి చొక్కాలు తొడుక్కున్నారు.

"మరి మనిషి?" అంది డాక్టరమ్మ.

"మనిషి సంగతి సైన్సుది కాదండీ, సెక్షనుది."

అలా కాలర్లకు శాశ్వత నివాసం మంజూరైంది.

అయితే రెండు నెలల్లో శాఖ స్వర్ణోత్సవం. కవాతులో ముందు నడవవలసింది పెద్దాఫీసరే. ముప్ఫయ్యేళ్లు ముద్రలు గుద్దిన పుణ్యాన ఆయన కుడిభుజం వేలున్నర కిందికి జారింది. కోటు లోపల దూది పరిచి, ఆ భుజాన్ని సరిసమానం చేసే కిటుకు కాలర్లక్కకే తెలుసు. మిగతా దర్జీలు కుట్టిన కోట్లు తొడిగితే ఆయన ఏదో కనపడని గోడకు ఆనుకున్నట్టున్నాడు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది: "శాఖ గౌరవం దృష్ట్యా సదరు మహిళ వ్యాధిని అరవై దినములు వాయిదా వేయడమైనది."

కోటు మూడు రోజుల పని. కాలర్లక్క పగలు కుట్టేది, సాయంత్రం విప్పేది. వారం వారం పెద్దాఫీసరు ఫ్యాక్టరీకి వచ్చి చేతులు చాపి నిలబడేవాడు. ఆమె గుండుసూదులు పంటి కింద పెట్టుకుని, వట్టి చేతులతో ఆయన మెడ చుట్టూ టేపు వేసేది. అక్కడ నేల మీద ఏ గీతా లేదు.

"ఇంకా ఎన్నాళ్లమ్మా?"

"భుజం మెల్లిగా ఒప్పుకోవాలయ్యా. తొందరపెడితే మొండికేస్తుంది."

ఇంటి దగ్గర కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండా అడిగేది, "అమ్మా, ఎంతవరకు వచ్చింది కోటు?"

"నీకింకా లెక్కలూ, సైన్సూ ఉన్నాయిగా. ఇంకా చేతులు అతకలేదు."

కూతురు ఆఖరి పరీక్ష రాసి వచ్చిన మధ్యాహ్నం ఆఖరి గుండీ పడింది. వాయిదా గడువు తీరి, ఆగి ఉన్న వ్యాధి తిరిగి మొదలైంది. తల్లీకూతుళ్లు విమానాశ్రయంలో వరసలో నిలబడి ఉండగా అక్కడి టీవీలో కవాతు వచ్చింది. పెద్దాఫీసరు రెండు భుజాలూ తాసులో తూచినట్టు నిలబెట్టి గర్జిస్తున్నాడు. "ఈ గడ్డ మీద ఒక్క రోగినీ ఉండనివ్వం!"

"భుజం బాగా కూర్చుంది" అంది కాలర్లక్క.

సొంత దేశంలో అన్నావదినలు గుమ్మంలోనే ఎదురొచ్చారు. సంగతంతా విని వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "మనుషులేనా వాళ్లు! ముట్టుకుంటే రాదని డాక్టరు చెప్పినా గెంటేస్తారా! మన దగ్గర ఇంత ఘోరం ఉందా, చెప్పు?" అంటూ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. "ఎలాగూ ఖాళీయే కదా నువ్వు, పిల్లల యూనిఫాంలున్నాయి, కుట్టిపెట్టు. నీ చేతి కుట్టే వేరు."

కాలర్లక్క నీళ్లు తాగి గ్లాసు బల్ల మీద బోర్లించింది. అడుగున ఎర్ర గోళ్లరంగు చుక్క ఒకటి, పక్కన బోర్లించి ఉన్న గ్లాసులకు లేనిది, ఇంకా సరిగ్గా ఆరలేదు. కూతురు చుక్క వంక చూసింది, తల్లి వంక చూసింది. తల్లి సంచీలోంచి టేపు తీసి, మేనల్లుణ్ణి పిలిచి మెడ కొలత తీసుకోసాగింది.

ఆ పరాయి శాఖవారిని ఇంతసేపూ మనసారా తిట్టుకున్న పాఠకమహాశయులకు ధన్యవాదాలు. తీరిక చూసుకుని మీ చొక్కా కాలరు ఒకసారి లోపలివైపుకు తిప్పి చూసుకోండి. అక్కడ ఏ నంబరున్నా కంగారు పడకండి, కాలరుకు అనుమతి ఉంది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి, మీ గ్లాసుల అడుగులు కూడా చూడండి.