ఆకలి ఉన్నవారికే ఉద్యోగం

ఆకలి అన్నం తింటే తీరుతుందని మీరింకా నమ్ముతున్నారా? పాపం, ఎంత వెనకబడిపోయారు! ఆకలి ఇప్పుడు తీర్చుకునేది కాదు, పెంచుకునేది. కండలు పెంచినట్టు, గడ్డం పెంచినట్టు శ్రద్ధగా పెంచాలి. మానవజాతికి ఇంతకు మించిన మేలు జరగలేదని రుజువు చేయడానికే ఈ వారం కలం పట్టాను. ఖాళీ కడుపుతోనే పట్టాను, గమనించగలరు.

ఈ జ్ఞానోదయం మా కొత్త మేనేజరు చలవ. మాది గొడుగుల కంపెనీ. వానొస్తే అమ్ముడవుతాయి, రాకపోతే లేదు. ఇన్నాళ్లూ మేం అంతే అనుకుని, మధ్యాహ్నం కాగానే హాయిగా బాక్సులు విప్పుకునేవాళ్లం. ఆయన వచ్చీ రాగానే మా గుట్టు పట్టేశాడు. "అమ్మకాలు పడిపోయింది వానల్లేక కాదు, మీలో ఆకలి లేక!" అన్నాడు. మేం ఒకరి పొట్ట ఒకరం చూసుకున్నాం. నిజమే, అప్పుడే భోంచేసి వచ్చాం. ఆ రోజు నుంచీ ఆయన మాకు ఆకలి సారు.

ఆ ఊపులోనే మా బామ్మర్దికి ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో సారు వేసిన మొదటి ప్రశ్న ఇది:

"నీలో ఆకలి ఉందా?"

"ఉంది సార్. పొద్దున్నించీ ఏమీ తినలేదు."

"శభాష్! ఎంత ఆకలి?"

"ఎదురుగా ఏది కనబడితే అది తినేసేంత సార్."

వాడి చూపు టేబుల్ మీది బిస్కెట్ల ప్లేటు మీద ఉంది. సారు చూపు కిటికీలోంచి కనబడే పోటీ కంపెనీ బోర్డు మీద ఉంది. ఆ చూపులు ఎక్కడా కలవకుండానే అపాయింట్‌మెంట్ ఆర్డరు వాడి చేతిలో పడింది. చదువడిగిన పాపాన పోలేదు, అనుభవం ఊసే లేదు! ఇంత సమానత్వం తెచ్చిన మాట ఇంకొకటి ఉంటే చెప్పండి.

ఆ తర్వాత భోజన విరామం ఎత్తేశారు. అయ్యో అనకండి, ఎందుకో వినండి. ఆకలి పెంచుకోమని ఓ పక్క చెబుతూ, అది కాస్త ఏపుగా ఎదిగే వేళకి అన్నం పెట్టి చంపేయడం న్యాయమా? భోజనాల గది మీటింగు హాలైంది. చేతులు కడుక్కునే సింకు మీద చెక్క వేసి ప్రొజెక్టరు పెట్టారు. గోడ మీద "ఆకలితో ఉండండి" అని పోస్టరు, కింద సింహం బొమ్మ. ఆ సింహం మాత్రం కడుపు నిండా తిని ఫొటోకి వచ్చినట్టుంది.

ఎన్ని లాభాలండీ! మధ్యాహ్నం కునుకు పట్టదు. బాక్సులు కడిగే పని లేదు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయంటే, పోనీ అవైనా టార్గెట్ వైపు పరిగెడుతున్నాయని తృప్తి. మొన్న మా అకౌంటెంటు పేగుల అరుపు ఫోన్లో విని, ఉరుములనుకుని ఓ కస్టమరు అప్పటికప్పుడు రెండు డజన్ల గొడుగులు ఆర్డరిచ్చాడు!

ఆకలి రుచెరగదన్నారు పెద్దలు. వాళ్లు మా సారు క్యాబిన్ చూడలేదు. పదకొండింటికి వెన్న రాసిన టోస్టు, ఒంటిగంటకి మూతలు పెట్టిన గిన్నెలు, నాలుగింటికి పళ్ల ముక్కలు. మరి ఆఫీసందరి ఆకలీ ఒక్కడే మోయాలంటే ఆ మాత్రం బలం ఉండొద్దూ?

ఇంట్లోనూ ఈ సంస్కరణ ప్రవేశపెట్టాను. మా అమ్మాయి బడి నుంచి వస్తూనే "నాన్నా, ఆకలి!" అంది. నా ఛాతీ పొంగిపోయింది. "శభాష్ తల్లీ! దేని మీద?" అన్నాను. "బ్రెడ్డు మీద" అంది. దాని భవిష్యత్తు తలుచుకుని నాకు బెంగ పట్టుకుంది. మా ఆవిడ గరిటె పుచ్చుకుని వచ్చింది. "పిల్ల ఆకలంటే పెట్టాలి గానీ పొగుడుతారేంటి, చోద్యం కాకపోతే!" అంది. సంస్కర్తలకి ఇంట్లో ఎప్పుడూ ఇంతే.

అసలు విజయం మొన్నటి మీటింగులో చూశాను. మా ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకావిడ ఉంది, అందరికీ అక్కే. షుగర్ మనిషి, వేళకి తినాలి. మీటింగు సాగి సాగి పొద్దు వాలుతుంటే ఆవిడ లేచి నిలబడి, "సార్, నాకు ఆకలిగా ఉంది" అంది.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది! "విన్నారా? అదీ ఆకలంటే!" అన్నాడు సారు.

"అది కాదు సార్, నిజం ఆకలి. చేతులు వణుకుతున్నాయి."

"చేతులు వణికేంత ఆకలి!" సారు మావైపు తిరిగి చాటాడు. మేం లేచి నిలబడి మరీ కొట్టాం చప్పట్లు. ఆ మోతలోనే అక్క కుర్చీలోంచి జారి కింద కూలబడింది. కొందరు దాన్ని వినయం అనుకున్నారు.

మా బామ్మర్ది ఒక్కడికే ఆ మాట పాత అర్థంలో వినబడింది. కొత్తగా చేరాడు కదా, ట్రైనింగ్ ఇంకా పూర్తికాలేదు! సారు టీ పక్కనున్న చక్కెర వాడు లాక్కుని ఆవిడ నోట్లో పెట్టాడు. తర్వాత సొరుగులో దాచుకున్న బాక్సు తెచ్చి మూత తీశాడు. ఆవిడ ఇంకా తింటూ ఉండగానే వాడికి మెమో వచ్చింది. సాటి ఉద్యోగి ఆకలిని ఉద్దేశపూర్వకంగా చంపినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

అక్క గోడవైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా తింటోంది. "ఏమనుకోకు తమ్ముడూ, ఇంతమందిలో అడిగి తింటున్నాను. సిగ్గేస్తోంది" అంది.

మన భాష చిత్రమైంది. ఆకలీ వేస్తుంది, సిగ్గూ వేస్తుంది. ఆ హాల్లో అంతమందిమి ఉన్నాం. రెండూ ఆవిడ ఒక్కరికే వేశాయి.