కికౌట్ కంపెనీ తలుపు

మొదట నా చేతిలో ఉన్న సరుకు ఇదీ: పాత ఓడ నుంచి ఊడదీసిన తలుపులు ఐదు. తాళంచెవి ఒక్కటీ లేదు.

అయ్యో పాపం అనకండి! ఇంటి లోపలి తలుపుకి తాళంచెవి లేకపోవడాన్ని మించిన అదృష్టం గృహస్థుకి మరొకటి లేదని నా సిద్ధాంతం.

మల్కాపురంలో నా సామాన్ల కొట్టు వెనకే నా ఇల్లు. ఐదింట్లో ఒకదాన్ని నమూనాగా మా నడిమి గదికి బిగించాను. మూస్తే చాలు, దానంతట అదే లాక్ పడిపోతుంది. లోపలి ఇత్తడి పిడిని ఓడ విరగ్గొట్టినవాళ్లే పీక్కుపోయారు. అందుకని తలుపు పడిపోకుండా సన్నికల్లు పొత్రాన్ని అడ్డం పెట్టుకునేవాళ్లం.

లాభాలు వినండి. పక్కింటివాళ్లు గ్లాసు పట్టుకుని వచ్చారా? తలుపు మూసినట్టు పొత్రం దాకా దగ్గరగా వేసి, "పంచదార ఆ గదిలో ఉందండీ, తలుపు పడిపోయింది!" రేషన్ పంచదార నెలాఖరు దాకా నిలిచిన ఇల్లు మా వీధిలో మాదొక్కటే! చుట్టం వారం రోజులుంటానన్నాడా? పరుపులూ ఆ గదిలోనే! సాయంత్రం బస్సుకి ఆయనే వెళ్లిపోతాడు. ఏ ప్రభుత్వ పథకం ఇంత మేలు చేసింది?

పైగా కంపెనీ సరుకు. తలుపు లోపలి వైపు, కింది పలక మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలున్నాయి. కూడబలుక్కుని చదివాను. కికౌట్! జపాన్ వాడిదే అయివుంటుంది. "కికౌట్ కంపెనీ తలుపండీ! దొంగ కాదు, వాడి తాత వచ్చినా తెరవలేడు" అని బజారంతా చాటాను.

ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ పెందుర్తిలో ఇల్లు కడుతున్న త్రినాథరావుగారు మిగతా నాలుగూ తీసుకుంటానన్నారు. భార్య ఆదిలక్ష్మమ్మగారితో వచ్చి నమూనా చూస్తామని కబురు పెట్టారు. ఆయన కాదంటే ఇక ఆ తలుపులకి చెదపురుగులే గిరాకీ!

సరిగ్గా వాళ్లు వచ్చే రోజు మధ్యాహ్నమే దభీమని తలుపు పడిపోయింది. లోపల నా భార్య గౌరీశ్వరి!

పిలిచాను. పలుకు లేదు. తలుపు బాదాను. ఉలుకు లేదు.

మన దేశంలో నిపుణులకు కొరతా? వీధంతా దిగింది. "బావా, సైకిల్ పుల్ల ఎట్టి తిప్పు. నోరు మూసుకుని తెరుసుకుంటాది" అన్నాడు టీకొట్టు తాతబాబు. పుల్ల విరిగింది. ఇంకొకాయన సందులోంచి ఎక్సరే ఫిల్ము దూర్చాడు. ఎవరి ఎముకలో లోపలికి వెళ్లాయి, తిరిగి రాలేదు.

యారాడ నుంచి చేపల తట్టతో వచ్చిన గంగాలమ్మ తలుపుకి చెవి ఆనించింది. "ఇంతమంది మగోళ్లు ఏటి సేత్తన్నారు బావూ? లోపల గురక ఇనబడతాంది!"

గురకా! స్పృహ తప్పినవాళ్లకే అలా గురక వస్తుందని ఎవరో అన్నారు. నేను ఘొల్లుమన్నాను.

అదే క్షణాన త్రినాథరావు దంపతులు గుమ్మంలో దిగారు. వ్యాపారి కళ్లు తుడుచుకోవడానికి ఎంతసేపు? "చూశారాండీ గట్టితనం! వీధంతా కలిసినా తెరవలేకపోయింది!"

"భేష్!" అని ఆయన అడ్వాన్సు కోసం జేబులో చెయ్యి పెట్టారు.

దబ్! కింది పలక ఊడొచ్చి ఆయన కాళ్ల దగ్గర పడింది, ఎర్ర అక్షరాలు పైకి. కంతలోంచి ముందు పొత్రం దొర్లుకుంటూ వచ్చింది. తర్వాత జుట్టు రేగిన గౌరీశ్వరి తల వచ్చింది.

"ఏటండీ ఆ గోల? నిద్దరెగిరిపోనాది!"

"తంతే ఊడుతుందని నీకెలా తెలుసే?"

"రాసుంది కదా! కిక్ అవుట్. తన్ను, బయటికి పో. కంపెనీ పేరంట, కంపెనీ!"

"మరి ఇంతసేపూ తన్నలేదేం?"

"బయటికొత్తే కాఫీ ఎట్టమంటారు కదా!"

వీధంతా నవ్వింది. త్రినాథరావుగారు ఖాళీ చెయ్యి జేబులోంచి తీసి, వెనక్కి తిరిగారు. ఆదిలక్ష్మమ్మగారు కదల్లేదు. వంగి, ఆ కంతలోంచి లోపలికి చూశారు. చాప, దిండు, చీకటి, చల్లదనం. చాలాసేపు చూశారు.

"నాలుగూ మా ఇంటికి పంపించండి. పొత్రం మాత్రం మాకొద్దు" అన్నారు.

ఇక ఆఖరి లెక్క. తలుపులు ఐదూ చెల్లిపోయాయి, ఒకటి మా ఇంట్లోనే. ఊడిన పలకని మళ్లీ బిగించాను. రోజూ మధ్యాహ్నం పొత్రం లోపలికి వెళుతుంది, తలుపు పడిపోతుంది. ఈ వయసులో కాఫీ పెట్టడం నేర్చుకున్నాను. అది తక్కువ లాభమా?

పంచదార ఒక్కటే ఇబ్బంది. ఆ గదిలో ఉంది.