శుకాచార్యులవారి స్ఫూర్తి శాఖ

ఒక పెద్ద అడవిలో, ఎవరి కడుపు వాళ్లు చూసుకుంటూ, ఎవరి పిల్లల్ని వాళ్లు తిట్టుకుంటూ జంతువులన్నీ హాయిగా బతుకుతున్న కాలంలో, కుండపోతగా వాన కురిసి, కొండమీంచి ఒక బండరాయి దొర్లింది.

దొర్లిన బండ ఏ పల్లంలోనో పడి ఉంటే ఈ కథే లేదు. అది సరిగ్గా వాగు ఇరుకులోకి వచ్చి, సీసాకి బిరడా పెట్టినట్టు కూర్చుంది. కొమ్మలూ బురదా వచ్చి సందుల్ని పూడ్చేశాయి. బండకి పైన నీళ్లు నిలిచి చక్కటి మడుగు తయారైంది. బండకి కింద వాగు ఎండి, వట్టి ఇసక మిగిలింది.

పైన ఉండేది ఒక్కరే. ఆ అడవికి రాజైన కేసరిరాజు అనే సింహం. కింద ఉండేది మిగతా అడవంతా; రాజుగారి మడుగులో మూతి పెట్టే ధైర్యం వాళ్లలో ఎవరికీ లేదు.

వేసవి ముదిరేసరికి ముట్టెమ్మ అనే అడవిపంది తన ఏడుగురు పిల్లల్నీ వెంటేసుకుని దర్బారుకి వచ్చింది.

“మారాజా, పొద్దుటినుంచీ ముట్టెతో ఇసకలో చెలమ తవ్వితే పిల్లకో గుక్క కూడా రావడం లేదు. ఆ బండ తీయించండి. ఇంకేమీ అడగను” అంది.

“చూద్దాం, చూద్దాం” అని పంపించేసి, కేసరిరాజు తన కార్యదర్శి వైపు తిరిగాడు. కార్యదర్శి ఒక నక్క. పేరు జంబుకేశ్వర్రావు.

“ఏమయ్యా, తీయించేద్దామా? న్యాయంగానే ఉంది కదా?”

“న్యాయంగానే ఉంది ప్రభూ, తీసేదెవరన్నదే చిక్కు. ఏనుగు కొండలయ్య తప్ప దాన్ని కదిలించేవాళ్లు అడవిలో లేరు. అతను తోస్తాడు. నీళ్లొస్తాయి. అప్పుడు జనం ఏమంటారు? బలం కొండలయ్యది, గద్దె కేసరిరాజుది, ఇదెక్కడి లెక్క అంటారు. ఎన్నికలు పెట్టమంటారు.”

ఎన్నికలనే మాట వినగానే కేసరిరాజుకి జూలులో దురద పుట్టింది. “మరి తీయించకపోతే?”

“తీయించలేదని తిడతారు.”

“రెండువైపులా తిట్లేనా?”

“మూడోవైపు ఒకటుంది ప్రభూ. తప్పు బండదీ కాదు, మనదీ కాదు, తమదేనని వాళ్లకే అనిపించాలి. దాన్ని పట్నంలో స్ఫూర్తి అంటారు.”

అలా అడవిలో స్ఫూర్తి శాఖ పుట్టింది. దానికి అధిపతిగా శుకాచార్యులు అనే రామచిలుకని తెచ్చారు. ఆయన పట్నంలో ఒక కోచింగ్ సెంటర్ కిటికీలో మూడేళ్లు పంజరంలో ఉండి వచ్చాడు. లోపల చెప్పే పాఠాలు విని విని రెండువందల సూక్తులు కంఠతా పట్టాడు. ఒక్కదానికీ అర్థం తెలియదు. కంఠం మాత్రం కంచు.

మొదటి సభలోనే ఆయన రెక్కలు చాచి అరిచాడు.

“దాహం నీ గొంతులో లేదు! నీ ఆలోచనలో ఉంది!”

అడవి ఒక్కసారి ఉలిక్కిపడి, తరవాత చప్పట్లు కొట్టింది. ఇన్నాళ్లూ గొంతులో ఉందనుకుని ఎంత పొరపడ్డామో అని కుందేళ్లు కళ్లు తుడుచుకున్నాయి.

“అడ్డంకే అవకాశం! ఓడినవాడు బండని చూస్తాడు, గెలిచేవాడు తనని చూసుకుంటాడు!”

మళ్లీ చప్పట్లు. చప్పట్లు కొట్టే తోకలు లేనివాళ్లు పక్కవాళ్ల వీపుమీద కొట్టారు.

ముట్టెమ్మ వెనక వరసలోంచి లేచింది. “అయ్యా, అంతా బాగుంది. ఇంతకీ బండ ఎవరు తీస్తారు?”

“బండ బయట లేదమ్మా! నీ మనసులో ఉంది!”

“అయితే అక్కణ్ణుంచే తీసిపెట్టండి బాబూ. నీళ్లొస్తే చాలు.”

“ష్!” అంది సభంతా. “మంచి మాట చెబుతుంటే ఆ నెగిటివ్ మాటలేమిటి?”

ముట్టెమ్మ సిగ్గుపడి కూర్చుంది. అంతమంది ఒక్కమాటగా అంటుంటే తప్పు తనదేనేమో అని ఆమెకే అనుమానం వచ్చింది. కానీ కడగొట్టు పిల్ల పొట్టకింద దూరి ఎండు నాలుకతో కాలు నాకింది. ఆ నాలుకకి ఆలోచనలేవీ ఉన్నట్టు ఆమెకి తోచలేదు.

మర్నాటినుంచి అడవికి పూనకం పట్టింది. చెట్టుకో సూక్తి వేలాడింది. బండమీద అయితే ‘అడ్డంకే అవకాశం’ అని ఇంతింత అక్షరాలు చెక్కారు. శాఖవారు ఒక్కొక్కరికీ విడివిడిగా కూడా సూక్తులు పంచిపెట్టారు.

“నీ హద్దులు దాటి బయటికి రా!” అన్న సూక్తి తాబేలుకి వచ్చింది. పాపం అది తన డిప్పలోంచి బయటికి రావాలని మూడురోజులు గింజుకుని, మెడ పట్టేసి మంచాన పడింది.

“ప్రపంచాన్ని కొత్త కోణంలో చూడు!” అన్నది గబ్బిలానికి దక్కింది. అది తలకిందులుగా వేలాడటం మానేసి కొమ్మమీద నిటారుగా నిలబడబోయి, దబ్బున పడింది. పలకరించడానికి వెళ్లినవాళ్లతో, “పడటం ఓటమి కాదట” అని పడుకునే చెప్పింది.

“ఏనుగంత కల కను!” అన్నది చీమలకి. అవి గింజలు మోయడం మానేసి, వరసలో వెల్లకిలా పడుకుని కలలు కన్నాయి.

కొండలయ్యకి ఇవ్వాల్సిన సూక్తిని మాత్రం జంబుకేశ్వర్రావు స్వయంగా ఏరాడు: “చీమని చూసి నేర్చుకో! చిన్న అడుగులే పెద్ద గెలుపు!”

కొండలయ్య కొండంత మనిషే గానీ మనసు మెత్తన. ఎవరేం చెప్పినా నమ్ముతాడు. ఆ రోజునుంచి బండ పక్కన నిలబడి, తొండంతో ఒక్కో ఇసక రేణువు ఎత్తి అవతల ఒడ్డున పెట్టి వస్తున్నాడు. పెట్టిన ప్రతిసారీ తన భుజం తానే తట్టుకుంటున్నాడు.

ముట్టెమ్మ అది చూసి నిలువునా నీరైపోయింది. “కొండలయ్య మామా! ఏమిటిది? ఒక్క తోపు తోస్తే పోతుంది కదా బండ!”

“పోతుందమ్మాయ్, నాకు తెలీదా? బండ పోతే ప్రయాణం కూడా పోతుంది కదా. గమ్యం ముఖ్యం కాదట, ప్రయాణమే ముఖ్యమట. ఇదిగో, నిన్న నలభైమూడు రేణువులు తీశాను. ఇవాళ నలభైఅయిదు.”

“నా పిల్లలు దాహంతో మాడిపోతున్నారు మామా!”

“వాళ్లకీ ఏదైనా లక్ష్యం పెట్టమ్మా” అన్నాడు కొండలయ్య జాలిగా, నలభైఆరోదాన్ని ఎత్తుతూ.

అంతా జంబుకేశ్వర్రావు అనుకున్నట్టే నడిచింది. ఎవరూ దర్బారుకి రావడం లేదు. దాహమేస్తే ఎవరికి వాళ్లే సిగ్గుపడుతున్నారు. కేసరిరాజు మడుగులో రోజుకి మూడుసార్లు జలకాలాడుతున్నాడు.

ఒక సోమవారం శుకాచార్యులు కొత్త సూక్తి వదిలాడు.

“నీలో ఒక సింహం నిద్రపోతోంది! దాన్ని మేలుకొలుపు!”

మంగళవారం పొద్దున్నే బుల్లెబ్బాయి అనే కుందేలు తిన్నగా రాజుగారి గుహకి వచ్చాడు. కేసరిరాజు కునుకు తీసి లేచేసరికి గద్దెమీద చెవులు కనిపించాయి.

“ఎవడ్రా నువ్వు?”

“సింహాన్నండీ. పైకి తెలీదు. లోపల ఉంది. ఇందాకే లేచింది.”

కేసరిరాజు గర్జించాడు. చెట్లమీది ఆకులు రాలాయి. బుల్లెబ్బాయి చెవులు రెండూ వెనక్కి ఎగిరి, మళ్లీ మెల్లగా లేచి నిలబడ్డాయి.

“బాగుంది గానీ మనసుపెట్టి చెయ్యలేదండీ” అన్నాడు బుల్లెబ్బాయి. “పొద్దున్న లేవగానే ‘నేను గెలుస్తాను’ అని పదకొండుసార్లు అనుకోండి. నాకు అలాగే కుదిరింది.”

కేసరిరాజు పంజా ఎత్తాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన పంజా ఎత్తితే పారిపోనివాళ్లు లేరు. పారిపోతే తరమడం ఆయనకి వచ్చు. వీడు నవ్వుతున్నాడు! నవ్వేవాణ్ణి ఏం చెయ్యాలో వాళ్ల నాన్నగారు నేర్పలేదు. ఎత్తిన పంజా తిమ్మిరెక్కి, ఆయనే దించుకున్నాడు.

సాయంత్రానికి గుహముందు వరస కట్టారు. ఉడత ఒక సింహం. ముంగిస ఒక సింహం. ఏదుపంది భార్యాభర్తలు చెరొక సింహం. మొత్తం నూటపన్నెండు సింహాలు తేలాయి. ఎవరు పెద్ద సింహమో తేల్చమని వాళ్లలో వాళ్లే కొట్లాడుకుంటున్నారు.

కేసరిరాజు శుకాచార్యుల్ని లోపలికి పిలిపించాడు. “ఆచార్యా, అందరిలోనూ సింహముంటే, నాలో ఏముంది?”

“నీలో ఒక సింహం నిద్రపోతోంది! దాన్ని మేలుకొలుపు!”

“మరి ఇంతకాలం మెలకువగా ఉన్నది ఎవడయ్యా?”

చిలుక తన రెండువందల సూక్తుల్నీ మనసులో తడుముకుంది. “ప్రశ్నించేవాడు కాదు! ప్రయత్నించేవాడే విజేత!”

కేసరిరాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండురోజులు ముద్ద ముట్టలేదు, మడుగు వైపు చూడలేదు. జంబుకేశ్వర్రావు హడలిపోయాడు. రాజు లేకపోతే కార్యదర్శి ఎవరికి?

“దీనికి ఒకటే మందు ప్రభూ. స్ఫూర్తి మహోత్సవం పెడదాం. బయట ఉన్న సింహమే అసలు సింహమని ఆచార్యులవారి నోటితో చెప్పిద్దాం.”

ఎండిన వాగు మధ్యలో ఇసకమీద వేదిక కట్టారు. నీడ కోసం జనమంతా రెండు ఒడ్లమీద చెట్లకింద కూర్చున్నారు. వేదికమీద కేసరిరాజు, జంబుకేశ్వర్రావు, శుకాచార్యులు. పక్కనే పిలవకపోయినా వచ్చిన బుల్లెబ్బాయి.

ఆచార్యులవారికి అప్పటికి వారంరోజులుగా రోజుకి పన్నెండు ఉపన్యాసాలు. గొంతు తడారి, పిడచకట్టింది. ఆ పొద్దున్నే రహస్యంగా నక్క చెవిలో అడిగాడు. “కాసిని నీళ్లు…”

“అవి రాజుగారి మడుగువండీ. పైగా దాహం గొంతులో లేదన్నది తమరే కదా?”

శుకాచార్యులు వేదికమీద రెక్కలు చాచాడు. ముక్కు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్లీ తెరిచాడు. గొంతు ‘క్ర్’ అంది.

జనం ఊగిపోయారు. “ఆహా! మౌనం! ఇదే అసలైన సూక్తి!” అని ఒడ్లు దద్దరిల్లేలా చప్పట్లు.

అదే సమయానికి ముట్టెమ్మ చెలమ పూర్తిగా ఎండిపోయింది. నడుం లోతు తవ్వినా తడి తగల్లేదు. కడగొట్టు పిల్ల ఏడవడం మానేసి, పక్కకి ఒరిగి, కళ్లు సగం మూసింది.

ముట్టెమ్మ దాన్ని నోట కరచుకుని, మిగిలిన ఆరుగురినీ ఒడ్డెక్కించి, బండ దగ్గరికి పరుగెత్తింది. అక్కడ కొండలయ్య తొండం ఎత్తి, సభవైపు చెవి పెట్టి దిగాలుగా నిలబడి ఉన్నాడు.

“అమ్మాయ్, ఇవాళ్టి సూక్తి నా దాకా రాలేదు. ఆచార్యులవారు ఏం చెప్పారు?”

ముట్టెమ్మ పిల్లని అతని కాళ్లముందు పడుకోబెట్టింది. ఏడుపొచ్చింది. మింగేసింది.

“చెప్పారు మామా. చాలా చిన్నది. ‘తొయ్’.”

“తొయ్?”

“తొయ్.”

“అంతేనా? లోతైన అర్థమేమైనా…”

“తోయడమే మామా! ఆ పల్లం వైపుకి తొయ్!”

కొండలయ్య కిందున్న పిల్లని చూశాడు. దాని డొక్కలు టపటప కొట్టుకుంటున్నాయి. తొండంలో ఉన్న ఇసక రేణువుని జాగ్రత్తగా ఒడ్డున పెట్టి, నుదురు బండకి ఆనించి, ఒక్క తోపు తోశాడు.

బండ పక్క పల్లంలోకి దొర్లిపోయింది. నాలుగునెలల నీళ్లు ఒక్కసారి ఊపిరి తీసుకుని ఉరికాయి.

వేదికమీద మొదట గమనించింది బుల్లెబ్బాయి. అతనిలోని సింహం అతనికంటే ముందు ఒడ్డెక్కింది. జంబుకేశ్వర్రావు “ప్రభూ, ప్రవాహానికి ఎదురీదేవాడే…” అంటూండగానే ప్రవాహం వచ్చింది. రాజూ కార్యదర్శీ గద్దె పట్టుకుని రెండు మలుపులు కొట్టుకుపోయి, ఒక వెదురు పొదలో చిక్కుకున్నారు. శుకాచార్యులు ఎగిరి కొమ్మమీద వాలి, వంగి, గుక్క తర్వాత గుక్క తాగాడు. ఆయన గొంతు వచ్చింది. ఆ సాయంత్రమంతా ఆయన అన్న మాట ఒక్కటే: “అబ్బ! అబ్బ! అబ్బ!” అర్థం తెలిసి ఆయన అన్న మొదటి మాట అదే.

అడవంతా మూతులు నీళ్లలో పెట్టింది. తాబేలు ఈదింది. గబ్బిలం తలకిందులైంది. కడగొట్టు పిల్ల ముందు దగ్గి, తరవాత తాగి, ఆ తరవాత అన్న చెవి కొరికింది. ముట్టెమ్మ వాడి అరుపులు విని కూలబడి నవ్వడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేకపోయింది.

మర్నాడు జూలు ఆరబెట్టుకుంటున్న రాజుగారి తరఫున జంబుకేశ్వర్రావు ప్రకటన ఇచ్చాడు. బండ తొలగింపు స్ఫూర్తి శాఖ మొదటి విజయమట. ఆ విజయానికి గుర్తుగా ముట్టెమ్మని వేదికెక్కించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు.

“మీ విజయ రహస్యం ఏమిటండీ?” అని అరిచింది సభ.

“కొండలయ్య మామ” అంది ముట్టెమ్మ.

సభ నీరసపడింది. ఆ జవాబుని చెట్టుకి ఎలా వేలాడదీస్తారు?

“పోనీ, ఆనంద రహస్యం?”

“ఉండండి, తాగి చెబుతాను” అని ముట్టెమ్మ దిగి వెళ్లి, వాగులో ముట్టె పెట్టింది. ఎంతసేపటికీ ఎత్తలేదు. కాసేపు చూసి జనం ఒక్కొక్కరే లేచి, ఎవరి పనిమీద వాళ్లు పోయారు. వేదికమీద శుకాచార్యులు, కార్యదర్శి మిగిలారు.

నీతి: దాహంతో వచ్చినవాడికి ముందుగా మంచి మాటలే చెప్పండి, నీళ్లిచ్చేస్తే తాగి తన దారిన పోతాడు, ఇక మన మాట వినేదెవరు?